ప్రాణాలొడ్డడం, పణంగా పెట్టడం: ముప్పును చెప్పే తెలుగు క్రియలు

ఒడ్డు: సకర్మక క్రియ. పందెంలో పెట్టడం, పోవచ్చని తెలిసీ ఒకదాన్ని ముందుకు చాచడం దీని ప్రధానార్థాలు. నేటి తెలుగులో ఎక్కువగా ‘ప్రాణాలొడ్డి’ అన్న రూపంలో వినిపిస్తుంది. దీని చుట్టూ పణంగా పెట్టు, పందెం కాయు, తెగించు, తెగబడు, చెలగాటమాడు, ప్రాణం మీదికి తెచ్చు, బలిపెట్టు లాంటి మాటల కుటుంబం ఉంది. అన్నీ ముప్పునే చెబుతాయి. అయితే ఆ ముప్పు ఎవరిది, ఎవరు తెచ్చింది, పోయేది ఎవరి సొత్తు అన్న విషయాల్లో ఒక్కొక్కటీ ఒక్కో లెక్క చెబుతుంది.

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా శబరి, సీలేరు నదుల వైపు సాగే అటవీ సరిహద్దు ఈ క్రియలన్నింటికీ నిత్యం పని కల్పించే ప్రాంతం. అక్కడ ఏటా పొంగే గోదావరి ఉంది, భూగర్భ బొగ్గు గనుల చరిత్ర ఉంది, పోడు తగాదాలున్నాయి, ధర నిలవని మిర్చి ఉంది, సంక్రాంతికి జిల్లా దాటి వెళ్లే పందెం రాయుళ్లున్నారు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు ఆ ప్రాంతానివే.

రూపం, అర్థాలు

ఒడ్డి, ఒడ్డాడు, ఒడ్డిన, ఒడ్డడం అని ఈ క్రియ రూపాలు. నది ఒడ్డు అనేటప్పటి ‘ఒడ్డు’ నామవాచకం. పలుకు ఒకటే అయినా వాక్యంలో చేసే పని వేరు.

పాత కావ్యభాషలో ఒడ్డడానికి విస్తృతి ఎక్కువ. వేటగాడు వల ఒడ్డుతాడు, ఉరులొడ్డుతాడు. సేనాపతి బలగాన్ని శత్రువుకు ఎదురుగా ఒడ్డుతాడు. జూదరి సొమ్మొడ్డుతాడు. వీటన్నింటిలోనూ ఉన్నది చాచి పెట్టడం, అవతలివాడికి అందేంత దూరంలో ఉంచడం. సొమ్ము అలా చాపితే పందెం అవుతుంది, ఛాతీ చాపితే ధైర్యం అవుతుంది. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక హర్తాళ్ సందర్భంగా టంగుటూరి ప్రకాశం తుపాకుల ముందు నిలబడ్డ ఘట్టాన్ని తెలుగువాళ్లు ‘రొమ్మొడ్డి నిలిచాడు’ అనే చెప్పుకుంటారు. అక్కడ ‘చూపించి’ అన్నా, ‘పెట్టి’ అన్నా ఆ బిగువు రాదు.

ఇదే క్రియ నుంచి ‘ఎదురొడ్డు’ వచ్చింది. వరదకు ఎదురొడ్డడం, పోలీసులకు ఎదురొడ్డడం వాడుకలో గట్టిగా నిలిచిన మాటలు. దీనికి దగ్గరగా వినిపించే ‘ఒగ్గు’ కూడా చాచడాన్నే చెబుతుంది కానీ అది వినయంవైపు సాగింది. చెవి ఒగ్గితే వినడం, తల ఒగ్గితే లొంగడం. ఒడ్డినవాడు నిలబడతాడు, ఒగ్గినవాడు వంగుతాడు.

జూదశాలలో పుట్టిన చిక్కు

తెలుగు సాహిత్యంలో ఒడ్డడానికి అత్యంత ప్రసిద్ధమైన సందర్భం ధర్మరాజు జూదం. పదకొండో శతాబ్దిలో నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ధర్మరాజు ధనాన్ని, రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని ఒడ్డుతాడు. తనను తాను ఓడిపోయినవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడిగిన ప్రశ్నకు సభలో భీష్ముడంతటివాడు కూడా సూటిగా జవాబు చెప్పలేకపోయాడు. ఆమె లేవనెత్తింది ధర్మసందేహమే అయినా, అందులో ఈ క్రియకు సంబంధించిన మౌలికమైన షరతు ఉంది: ఒడ్డేది ఒడ్డేవాడి సొంతమై ఉండాలి.

పన్నెండో శతాబ్ది నాటి పల్నాటి కథలోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపుంజులను బరిలోకి దించారు. ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాలన్నది పందెం. పుంజులు పోరాడాయి, పెద్దలు పంతం పట్టారు, వలస పోయింది మాత్రం బ్రహ్మనాయుడి వైపున్న మాచెర్ల పక్షం మొత్తం.

కాలక్రమంలో జూదం అర్థంలో ‘ఒడ్డు’ వాడుక తగ్గింది. ఆ స్థానంలోకి ‘పందెం కాయు’ వచ్చింది. సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతాల నుంచి సంక్రాంతికి సరిహద్దు దాటి చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు బరులకు వెళ్లేవారెవరూ ‘డబ్బు ఒడ్డాం’ అనరు. పుంజుల రంగుల పేర్లతో ‘డేగ మీద కాశాం’, ‘నెమలి మీద కాశాం’ అంటారు. బరిలో పుంజుల యజమానుల మధ్య నడిచేది అసలు పందెం. చుట్టూ నిలబడ్డవాళ్లు తమలో తాము కాసుకునేవి పైపందేలు. కత్తి కట్టకుండా ఆడించేది డింకీ పందెం. ఖమ్మం పల్లెల్లో పాతతరం నోట ఉర్దూ నుంచి వచ్చిన ‘షర్తు’ కూడా వినిపిస్తుంది. అక్కడ షర్తు కడతారు. కాయడం, కట్టడం, ఒడ్డడం మూడింటికీ ఫలితం ఒకటే అయినా, మొదటి రెండూ సొమ్ము దగ్గర ఆగిపోయాయి. ప్రాణం దాకా వెళ్లింది ఒడ్డడమే. ప్రాణాలు కాశాడని గానీ, ప్రాణాలు కట్టాడని గానీ తెలుగులో ఎవరూ అనరు.

పణమూ ఫణమూ

‘పణం’ సంస్కృత పదం. జూదంలో పెట్టే సొమ్మును, ఒక నాణేన్ని కూడా చెబుతుంది. అమ్మకపు సరుకును చెప్పే ‘పణ్యం’ దీని చుట్టమే. తమిళులు డబ్బును పణం అంటారు, కన్నడిగులు హణ అంటారు. అంటే ‘ప్రాణాలను పణంగా పెట్టి’ అన్నప్పుడు ప్రాణాన్ని పందెపు సొమ్ము చేసినట్టు.

‘ఫణం’ అంటే పాము పడగ. ఫణి, ఫణీంద్రుడు అన్న పేర్లు దాని నుంచే వచ్చాయి. పత్రికల్లో, టీవీ స్క్రోలింగుల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో ‘ప్రాణాలను ఫణంగా పెట్టి’ అన్న రాత ఎంత విరివిగా కనిపిస్తుందంటే, చాలామందికి అదే సరైన రూపమన్న భ్రమ కలుగుతోంది. ఒత్తు ఉంటే మాటకు సంస్కృత గాంభీర్యం వస్తుందనే అలవాటు దీనికి ఒక కారణం కావచ్చు. ఎంత విరివిగా రాసినా ప్రాణాన్ని పాము పడగగా పెట్టడంలో అర్థం లేదు. సరైనది ‘పణంగా’.

‘ప్రమాదం’ ఇంకో దారిలో నడిచింది. సంస్కృతంలో దాని తొలి అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగులో అజాగ్రత్త వల్ల జరిగే కీడుగా, అక్కడి నుంచి ఎలాంటి ముప్పుకైనా పేరుగా మారింది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వాన కురిసింది ఎవరి ఏమరుపాటు వల్లా కాదు. అయినా ఆ మాట అక్కడ చక్కగా ఇమిడిపోయింది.

విభక్తి పట్టిచ్చే తేడా

ముప్పును చెప్పే తెలుగు క్రియల్లో అసలు విశేషం విభక్తుల్లో ఉంది. ‘ప్రాణాలు’ అన్న ఒక్క మాటనే తీసుకుని, దాని వెనక ఏ ప్రత్యయం చేరుతుందో గమనిస్తే ఈ కుటుంబమంతా వరుసగా సర్దుకుంటుంది.

‘ను’ చేరితే ఒడ్డడం, పణంగా పెట్టడం. ప్రాణం కర్మ; చేతిలోని వస్తువులా దాన్ని ముందు పెడుతున్నారు.

‘కు’ చేరితే తెగించడం. ‘ప్రాణాలకు తెగించి’ అంటే ప్రాణంతో ఉన్న ముడిని ముందే తెంచుకున్నట్టు. తెగు అన్న ధాతువులోని కోత ఇందులో వినబడుతూనే ఉంటుంది. దీని నామరూపం ‘తెగువ’ మెచ్చుకోలు మాట. తోబుట్టువైన ‘తెగబడు’ మాత్రం తిట్టుగా మిగిలింది: దాడికి తెగబడ్డారు, దోపిడీకి తెగబడ్డారు అంటారే తప్ప సాయానికి తెగబడ్డారని ఎవరూ అనరు.

‘తో’ చేరితే చెలగాటం. ‘ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటం’ అన్నప్పుడు ఆడేది ఒకరు, పోయేది ఇంకొకరి ప్రాణం. చెలగాటం సొంత ప్రాణంతో ఆడితే ఆ విషయం విడిగా చెప్పాలి. చెప్పకపోతే వినేవారు ఇతరుల ప్రాణమనే అనుకుంటారు.

‘మీదికి’ చేరితే తెచ్చుకోవడం లేదా తేవడం. ఇక్కడ ‘కొను’ అన్న సహాయక క్రియ తీర్పరి పాత్ర పోషిస్తుంది. ‘ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు’ అంటే తప్పు అతనిదే. ‘ప్రాణం మీదికి తెచ్చాడు’ అంటే బాధితుడు వేరొకడు.

ఇక ‘ప్రాణాలరచేత పట్టుకుని’ అన్న పలుకుబడి పూర్తిగా వేరు. అందులో సాహసం లేదు, పందెం లేదు. మిగిలిన ఒక్క ఆస్తిని కాపాడుకుంటూ పారిపోవడం ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టు వ్యతిరేక ఉద్యమమైన సల్వాజుడుం మొదలయ్యాక, ఇటు మావోయిస్టు దళాలు, అటు భద్రతా బలగాల మధ్య నలిగి దంతెవాడ, సుక్మా ప్రాంతాల నుంచి అడవి దాటి ఖమ్మం వైపు వచ్చిన గొత్తికోయ ఆదివాసీ కుటుంబాలకు సరిపోయే మాట ఇదే.

ఫలితం తేలని మాట

ఒడ్డడానికీ అర్పించడానికీ మధ్య కాలం ఉంది. ‘ప్రాణాలొడ్డి కాపాడాడు’ అంటే అతను బతికి ఉండవచ్చు. తరచూ బతికే ఉంటాడు. ‘ప్రాణాలర్పించాడు’ అంటే కథ ముగిసింది. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో, పోడు వివాదం నేపథ్యంలో జరిగిన దాడిలో ఒక అటవీ రేంజి అధికారి చనిపోయారు. ఆ వార్తల్లో ‘విధి నిర్వహణలో ప్రాణాలర్పించిన’ అన్న మాట సరిగా పడింది. అక్కడ ‘ఒడ్డిన’ అంటే సగమే చెప్పినట్టయ్యేది.

ఒడ్డడంలో ఫలితం తేలకపోవడమే కీలకం. గెలుపు తప్పదని తెలిస్తే అది ఒడ్డడం కాదు. ఓటమి ఖాయమని తెలిస్తే అది ఆత్మాహుతి. రెండింటి మధ్య ఉన్న జాగా ఈ క్రియది. పందెం నుంచి ప్రాణం దాకా వచ్చినా జూదశాల నాటి ఈ లక్షణం దాన్ని వదల్లేదు.

నది నేర్పిన వాడుక

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. ఆ రికార్డు నేటికీ చెక్కు చెదరలేదు. 1990లో 70.8 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే వస్తుందని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. 2022లో భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పరీవాహక గ్రామాలను ఖాళీ చేయించారు. ఇలాంటి ప్రతి వరదలోనూ పడవ నడిపేవాళ్లు, గజ ఈతగాళ్లు, కరెంటు సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు ‘ప్రాణాలొడ్డి’ పనిచేశారన్న వాక్యం వందలసార్లు అచ్చయింది. చాలాసార్లు నిజమే కూడా.

నిజమైన సందర్భం ఎలా ఉంటుందో ఖమ్మం 2024 సెప్టెంబర్ 1న చూసింది. మున్నేరు ఉప్పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం అనుకూలించక హెలికాప్టర్ రాలేకపోయింది. గంటలు గడిచాక ఒక జేసీబీ డ్రైవర్, చుట్టూ ఉన్నవాళ్లు వారిస్తున్నా వినకుండా, యంత్రాన్ని వరదలోకి నడిపించి తొమ్మిది మందినీ ఒడ్డుకు చేర్చాడు. పోతే తన ఒక్కడి ప్రాణమే పోతుందని, తిరిగివస్తే తొమ్మిది మంది బతుకుతారని అతను బయల్దేరే ముందు అన్న మాట రాష్ట్రమంతా తిరిగింది. ఆ లెక్కలో ఒడ్డడానికి కావలసిన దినుసులన్నీ ఉన్నాయి. సొత్తు తనది. నిర్ణయం తనది. నష్టం ఎంతో తెలుసు. ఫలితం తెలియదు.

2019 సెప్టెంబర్ 15 నాటి కచ్చులూరు ఘటనలో రెండు వేర్వేరు క్రియలు ఒకే నీటి మీద కనిపిస్తాయి. పాపికొండల విహారానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు వరద గోదావరిలో దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. బోటులో 77 మంది ఉండగా 26 మంది బయటపడ్డారు, మిగిలిన 51 మంది గోదావరికి బలయ్యారు. మునుగుతున్నవారిని అందుకున్నది పక్క ఊరి గిరిజనులు, తమ చిన్న పడవలు వేసుకుని వచ్చినవాళ్లు. వాళ్లు ప్రాణాలొడ్డారు. టిక్కెట్టు కొని బోటెక్కినవాళ్లు దేన్నీ ఒడ్డలేదు. లైసెన్సు ఉన్న బోటు కదా అని నమ్మారు. పత్రికలు అప్పుడు ‘ప్రాణాలతో చెలగాటం’ అని శీర్షికలు పెట్టాయి. విభక్తి సరిగ్గా పడింది. నెల దాటాక, అక్టోబర్ 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును నది అడుగు నుంచి బయటికి లాగింది.

పాల్వంచ తహసీల్దారు ఏమి ఒడ్డాడు?

ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన పణం భద్రాద్రి రాముడి గుడి కథలోది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, గోల్కొండ మంత్రులు అక్కన్న, మాదన్నల మేనల్లుడు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, నగలు చేయించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ సొమ్ము ఆరు లక్షల వరహాలనీ, రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు చెల్లించారనీ కథ.

ఈ కథ చెప్పేటప్పుడు తెలుగువాళ్లు ‘సర్కారు సొమ్మును ఒడ్డాడు’ అనరు. ఖర్చు పెట్టాడంటారు, వాడాడంటారు, కోపం వచ్చినవాళ్లు కాజేశాడంటారు. ఆ సొమ్ము అతనిది కాదు కాబట్టి ఒడ్డడానికి వీల్లేదు. అతను ఒడ్డింది కొలువును, ఒంటిని. రామదాసు కీర్తనల్లో నిష్ఠూరం అంత ఘాటుగా పలకడానికి కారణం అదే. ఏ నగకు ఎంతయిందో వరసగా లెక్క చెప్పి దేవుడిని నిలదీసిన భక్తుడికి ఆ అధికారం వచ్చింది సుల్తాను ఖజానా వల్ల కాదు, తన వీపు మీద పడ్డ దెబ్బల వల్ల.

బాయి, అడవి, మార్కెట్టు

ఇల్లెందు, కొత్తగూడెం ప్రాంతాల్లో బొగ్గు తవ్వకం పందొమ్మిదో శతాబ్ది చివర మొదలైంది. సింగరేణి అన్న పేరు ఆ ప్రాంతపు ఊరిదే. 1920లో ఆ గనుల సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. గనిని కార్మికులు ‘బాయి’ అంటారు. బాయి దిగడం అన్న మాటలోనే ముప్పు కలిసిపోయింది. పైకప్పు కూలే, విషవాయువు కమ్మే, నీరు చేరే పనిచోటులోకి రోజూ దిగేవాళ్లు దాన్ని ఒడ్డడం అని చెప్పుకోరు. వాళ్లది ‘పానం (ప్రాణం) పెట్టి’ చేసే పని. ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మాటలో ‘పానం పెట్టు’ అంటే మనసంతా పెట్టడం. ప్రాణాలు ఒడ్డడం ఒకనాటి ఘటన, పానం పెట్టడం నిత్యం.

తునికాకు కోసేవాళ్ల సంగతీ అంతే. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే అడవికి వెళ్లి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. ఇప్పపువ్వు ఏరే వేళ కూడా అదే, ఎలుగుబంటి తిరిగే వేళ కూడా అదే. దాడి జరిగినప్పుడు వార్త ‘ప్రాణాలను పణంగా పెట్టి ఆకు సేకరణ’ అని వస్తుంది. కట్ట కూలీ కోసం వెళ్లిన మనిషి పందెం వేసినట్టు ఆ వాక్యం ధ్వనిస్తుంది.

మిర్చి దగ్గర మాట మళ్లీ జూదానికి తిరిగి వచ్చింది. తేజ రకానికి పేరున్న ఖమ్మం మార్కెట్టుకు చుట్టుపక్కల జిల్లాల నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) వస్తాయి. మిర్చి పెట్టుబడి ఎక్కువగా మింగే పంట. కౌలు, విత్తనం, మందులు, కోత కూలి అన్నీ ముందే పెట్టాలి. రైతులు ‘మిర్చి మీద పెట్టినం’ అంటారు. పుంజు మీద కాయడానికీ మిర్చి మీద పెట్టడానికీ వాక్యం కట్టుబడి ఒక్కటే. 2017లో ధర కుప్పకూలినప్పుడు ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో ఆగ్రహించిన రైతులు విధ్వంసానికి దిగారు. అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తీసుకురావడం దేశమంతటా విమర్శకు గురైంది. వ్యవసాయం జూదమైపోయిందన్న మాట ఆ రోజుల్లో ప్రతి నోటా వినిపించింది. కాకపోతే జూదరికి ఆడకుండా ఇంటికి పోయే వీలుంటుంది.

చట్టం మాట

ముప్పు తనదా, పరులదా అన్న తేడాను చట్టం కూడా పట్టించుకుంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షన్, దుడుకుగా లేదా నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఇతరుల ప్రాణానికి, భద్రతకు అపాయం తెచ్చేవారికి శిక్ష చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో 336 నుంచి 338 వరకు ఉన్న సెక్షన్లు ఇందులో చేరాయి. ‘ఇతరుల’ అన్న మాటే ఇక్కడ ఆయువుపట్టు. మున్నేటిలోకి యంత్రం నడిపినవాడు తన ప్రాణాన్నే ముందుపెట్టాడు కాబట్టి ఆ సెక్షన్ ఉద్దేశించింది అతనిలాంటివాళ్లను కాదు. చెడిపోయిన బండిలో జనాన్ని కుక్కి తీసుకుపోయేవాడు దాని లక్ష్యం.

సొమ్ము విషయంలో తెలంగాణ ఇంకా ముందుకు వెళ్లింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, ఫలితం తెలియని సంఘటన మీద సొమ్మును ముప్పులో పెట్టే ఏ చర్య అయినా, అది నైపుణ్యంతో ఆడే ఆట అయినా సరే, పందెం కిందికే వస్తుందని నిర్వచించింది. ఆన్‌లైన్ రమ్మీని కట్టడి చేయడం దాని ఉద్దేశం. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నన్నయ కాలంలో ‘ఒడ్డు’ ఏ పని చెప్పిందో, ఈ చట్టాలు అదే పనిని పేరాలకొద్దీ నిర్వచించవలసి వచ్చింది.

ఒడ్డనివాళ్ల త్యాగం

ముంపు మండలాల్లో ఈ క్రియ కర్త మాయమవుతాడు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. దాని కింద మునిగే గ్రామాల కోసం 2014లో అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలకు చెందిన ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు అటు వెళ్లాయి. బూర్గంపాడు, భద్రాచలం మండలాలు చీలాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ప్రాజెక్టు వల్ల కదలవలసిన కుటుంబాలు లక్షకు పైనే. వాళ్లలో ఆదివాసులు పెద్ద భాగం.

వేదికల మీద ఈ కుటుంబాలను ‘త్యాగధనులు’ అంటారు. త్యాగం, ఒడ్డడం రెండింటికీ ఒకే షరతు: ఇచ్చేవాడు ఇష్టపడి ఇవ్వాలి. నోటీసు అందుకుని ఊరు ఖాళీ చేసిన మనిషి విషయంలో తెలుగుకు వేరే మాటలున్నాయి. ముంచడం, నెట్టడం, బలిపెట్టడం. ‘ఆదివాసుల ప్రయోజనాలను పణంగా పెట్టి’ అని ఉద్యమకారులు రాసేది అందుకే. ఇక్కడే ‘ఒడ్డు’కూ ‘పణంగా పెట్టు’కూ దారులు చీలతాయి. పణంగా పెట్టడం నేటి వాడుకలో పరుల సొత్తుకూ చెల్లుతుంది. ఒడ్డడం చెల్లదు. ‘ప్రభుత్వం ఆదివాసుల ప్రాణాలొడ్డింది’ అన్న వాక్యం తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ద్రౌపది ప్రశ్నకు సభ ఇవ్వని జవాబు భాష ఇచ్చింది.

నేటి వాడుక, సూచన

మాట్లాడే భాషలో ‘రిస్కు’ వీటన్నింటినీ పక్కకు నెడుతోంది. రిస్కు చేశాడు, రిస్కు తీసుకున్నాడు, రిస్కులో పడేశాడు. ఇందులో దోషమేమీ లేదు. చేయు, తీసుకొను, పడేయు అన్న తెలుగు క్రియలు పాత తేడాలను ఎంతో కొంత మోస్తూనే ఉన్నాయి. సమస్య రాతలో వస్తోంది. వానాకాలం వచ్చేసరికి తాలిపేరు, కిన్నెరసాని నదుల పరిసరాల్లో వాగు దాటుతున్న గర్భిణిని, డోలీ మోస్తున్న బంధువులను, బడికి పోతున్న టీచరును, వాళ్లను కాపాడిన ఈతగాడిని అందరినీ ‘ప్రాణాలను ఫణంగా పెట్టి’ అన్న ఒకే మూసలో పోస్తున్నారు. ఈతగాడికి ఎంపిక ఉంది. గర్భిణికి లేదు. వంతెన కట్టనివాడు ఆ వాక్యంలో ఎక్కడా కనబడడు.

విలేకరులు, ఉపసంపాదకులు పాటించదగిన పద్ధతి ఇది. తన ప్రాణాన్ని తానుగా ముందుపెట్టినవారికి ‘ఒడ్డి’, ‘తెగించి’ వాడాలి. దారి లేక ముప్పులోకి వెళ్లినవారికి ‘ప్రాణాలరచేత పట్టుకుని’ లాంటి పలుకుబడి లేదా సాదాగా ‘ప్రమాదకరంగా’ చాలు. ముప్పులోకి నెట్టినవారు ఉంటే ‘చెలగాటం’, ‘నెట్టారు’ అని కర్తతో సహా రాయాలి. ‘పణం’ను ఒత్తు లేని ప తోనే రాయాలి.